ఫోలేట్ తోక కథ

రిపోర్టులో ఎంసీవీ అన్న చోట 112 అని ఉంది, పక్కన పైకి చూసే చిన్న బాణం గుర్తు. హిమోగ్లోబిన్ 9.4, దాని పక్కన కిందికి చూసే బాణం. రక్తం తక్కువుందంటే ఐరన్ తక్కువనే నాకు తెలిసింది, కానీ ఐరన్ తక్కువైతే ఎర్రకణాలు చిన్నవవుతాయి, నావేమో ఉబ్బి కూర్చున్నాయి. ఎంసీవీ అంటే ఎర్రకణం సగటు పరిమాణం, 80 నుంచి 100 మధ్య ఉంటే మామూలు. కణాలు తక్కువ, ఉన్నవి మాత్రం పెద్దవి. ఇదేం లెక్కో అర్థం కాలేదు.

ఆ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినదాన్ని ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. అరగంటలో తేల్చేశాను కూడా: కణాలు పెద్దవైతే ఫోలేట్ లోపం, ఫోలేట్ లోపానికి ఫోలిక్ యాసిడ్, రోజుకొక బిళ్ల, 5 మిల్లీగ్రాములు. రెండు నెలలు క్రమం తప్పకుండా వేసుకుని మళ్లీ టెస్ట్ చేయించుకుంటే హిమోగ్లోబిన్ 11.8, ఎంసీవీ 97. బాణాలు రెండూ మాయం. ఇంట్లో వాళ్లందరికీ ఆ రిపోర్టు చూపించి చాలా పొగరుగా తిరిగాను. ఒక్కటే మిగిలింది, అరికాళ్లలో తిమ్మిరి. మొదట రాత్రిపూట ఉండేది, తర్వాత పగలు కూడా మొదలైంది, చెప్పు కాలికి ఉందో జారిపోయిందో చూసుకుంటే గానీ తెలియని స్థితి వచ్చాక అప్పుడు వెళ్లాను డాక్టర్ దగ్గరికి.

ఆవిడ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూసి, "బి12 చూపించుకోకుండా ఫోలిక్ యాసిడ్ వేసుకోమని ఎవరు చెప్పారండీ మీకు?" అన్నారు. నేనే అని చెప్పడానికి నోరు రాలేదు. బి12 పరీక్షలో వచ్చిన అంకె చూసి ఆవిడ ఏమీ అనలేదు, ఆ మౌనమే ఎక్కువ టెన్షన్ పెట్టింది.

బి12 తక్కువైతే ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే రక్తం ఎందుకు బాగుపడాలి? బాగుపడినప్పుడు కాళ్లు ఎందుకు బాగుపడకూడదు? ఈ రెండు ప్రశ్నలు పట్టుకుని ఈసారి అరగంట కాదు, చాలా వారాలు చదివాను. జవాబు తెలియాలంటే ఫోలేట్ నోట్లో పడిన దగ్గర్నుంచి దాని వెనకాలే నడవాలి, అడ్డదారి లేదు.

ముందు పేర్ల గొడవ. ఫోలేట్ అంటే ఒకే పదార్థం కాదు, ఒక కుటుంబం ఇంటిపేరు, దాన్నే బి9 అని కూడా అంటారు. ఫోలిక్ యాసిడ్ ఆ కుటుంబంలోనిదే గానీ తిండిలో దాదాపు ఉండదు. అది ఫ్యాక్టరీలో తయారయ్యే రూపం, వేడికి, గాలికి తట్టుకుంటుంది కాబట్టి బిళ్లల్లోనూ, విటమిన్లు కలిపిన పిండిలోనూ వాడతారు. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. 1941లో అమెరికాలో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనే ముగ్గురు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఈ పదార్థాన్ని వేరుచేసి ఆ పేరు పెట్టారు. నాలుగు టన్నులు పిండితే చేతికొచ్చింది అతి కొద్దిగా, అది కూడా పూర్తిగా శుద్ధమైనది కాదు.

ఫోలేట్ అణువుకు ఒక తల ఉంటుంది, నడుము ఉంటుంది, తోక ఉంటుంది. తల టెరిడిన్ అనే రెండు వలయాల జత, నడుము పాబా అనే చిన్న ముక్క, తోక గ్లూటమేట్ అనే అమైనో ఆమ్లం. ఆకుల్లో, పప్పుధాన్యాల్లో ఉండే ఫోలేట్‌కు ఈ తోక పొడుగు, ఐదో ఆరో ఏడో గ్లూటమేట్లు ఒకదానికొకటి గుచ్చిన దండలాగా వేలాడుతుంటాయి. ఫోలిక్ యాసిడ్ బిళ్లకు ఒకే ఒక్క గ్లూటమేట్. ఈ కథంతా తోక గురించే, ఇది గుర్తుంచుకుంటే మిగతాదంతా దానంతటదే పడుతుంది.

పొడుగు తోకతో పేగు గోడ దాటడం కుదరదు. అంత పెద్ద అణువు, పైగా ప్రతి గ్లూటమేట్ మీదా రుణావేశం. అందుకని చిన్నపేగు మొదటి భాగంలో, గోడ మీద బ్రష్ కుచ్చులా ఉండే అంచులో ఒక ఎంజైమ్ కాపు కాసి, వచ్చిన ప్రతి ఫోలేట్ తోకా చివరి నుంచి ఒక్కొక్క గ్లూటమేట్ చొప్పున కత్తిరిస్తుంది, ఒక్కటి మిగిలేదాకా. ఆ ఎంజైమ్ పేరు గ్లూటమేట్ కార్బాక్సీపెప్టిడేజ్ టూ, అది పనిచేయాలంటే జింక్ కావాలి. ఇక్కడ ఒక వింత చెప్పకుండా ఉండలేను. ఇదే ప్రోటీన్ ప్రోస్టేట్ గ్రంథి కణాల మీద కూడా ఉంటుంది, అక్కడ దాన్ని పీఎస్ఎంఏ అంటారు, ప్రోస్టేట్ క్యాన్సర్ ఎక్కడెక్కడికి పాకిందో చూసే పీఎస్ఎంఏ పెట్ స్కాన్ వెతికేది దీన్నే. పేగులో పాలకూర తోక కత్తిరించేదీ స్కాన్‌లో మెరిసేదీ ఒకటేనని తెలిసిన రోజు నేను పనంతా మానేసి దాని గురించే చదువుతూ కూర్చున్నాను.

తోక తెగాక గుమ్మం. పేగు కణంలోకి ఫోలేట్‌ను లాక్కునే ప్రోటీన్ ఏదో చాలా ఏళ్లపాటు తేలలేదు, 2006లో తేలింది. పీసీఎఫ్‌టీ అంటారు. ఇది ప్రోటాన్లు లోపలికి జారే ఊపుతో ఫోలేట్‌ను కూడా వెంట లాగుతుంది, అందుకే చుట్టూ కాస్త ఆమ్లం ఉండాలి, పీహెచ్ 5.5 దగ్గర బాగా పనిచేస్తుంది. కడుపు దాటిన వెంటనే ఉండే పేగు భాగంలో గోడకు అంటుకుని ఉన్న పలుచటి పొరలో అలాంటి ఆమ్లం ఉంటుంది, కాబట్టే ఫోలేట్ ఎక్కువగా అక్కడే లోపలికి వెళ్తుంది. ఈ ప్రోటీన్ జన్యువు రెండు కాపీలూ పాడై పుట్టే పిల్లలు చాలా అరుదుగా ఉంటారు. పుట్టినప్పుడు బాగానే ఉంటారు, తల్లి నుంచి వచ్చిన నిల్వ ఉంటుంది కదా, కొన్ని నెలలకు అది అయిపోయి రక్తహీనత, వరసగా ఇన్ఫెక్షన్లు, ఫిట్స్ మొదలవుతాయి. మెదడులోకి ఫోలేట్ వెళ్లడానికి కూడా ఇదే ప్రోటీన్ కావాలి.

కత్తెరా గుమ్మమూ రెండూ ఉన్నది చిన్నపేగు పైభాగంలోనే అన్న సంగతి ఒక పాత రోగాన్ని అర్థం చేసుకోవడానికి బాగా పనికొస్తుంది. ట్రాపికల్ స్ప్రూ అని, పేగు గోడ కుచ్చులు చదునైపోయి, తిన్నది ఒంటికి పట్టక మనిషి కరిగిపోతాడు. మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో పోయింది ఈ రోగంతోనే, ఆయనకీ కుర్రతనంలో ఇదే వచ్చి బతికి బయటపడ్డారు. తర్వాత అమెరికా వెళ్లి, లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలల్లో పరిశోధన నడిపిస్తున్నప్పుడు ఆయన బృందమే 1945లో ఫోలిక్ యాసిడ్‌ను శుద్ధంగా తయారుచేసింది. ఆ మందు ఇస్తే స్ప్రూ రోగుల రక్తం కోలుకుంటుందని అదే రోజుల్లో తేలింది. నాలుగు టన్నుల పాలకూర పిండే అవసరం తీరింది.

సుబ్బారావు గారి దగ్గరికి వచ్చాం కాబట్టి రెండో సగం కూడా చెప్పేస్తాను, మళ్లీ తోక దగ్గరికే వస్తుంది. బాస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ లుకేమియా, అంటే రక్తపు క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఫోలేట్ జాతి మందులిచ్చి చూశాడు. మంచి జరగకపోగా రోగం ఎగదోసినట్టు పెరిగింది. చాలామంది అక్కడితో వదిలేసేవారు. ఆయన తిరగేసి ఆలోచించాడు, ఫోలేట్ ఇస్తే క్యాన్సర్ కణాలు పెరుగుతున్నాయంటే ఫోలేట్ పని ఆపితే ఆగుతాయి కదా అని. సుబ్బారావు గారి బృందం ఫోలేట్‌లాగే కనిపించి దాని చోటు ఆక్రమించే నకిలీ అణువులు చేసిచ్చింది, అమినోప్టెరిన్ వాటిలో ఒకటి. 1948లో ఫార్బర్ ఫలితాలు వేశాడు, 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం పాటు రోగం తగ్గుముఖం పట్టింది. ఆ సంవత్సరమే సుబ్బారావు గారు పోయారు. అమినోప్టెరిన్ తమ్ముడే మెథోట్రెక్సేట్, ఈ రోజుకీ క్యాన్సర్‌కూ, కీళ్లవాతానికీ వాడుతున్నదే. కీళ్లవాతానికి దాన్ని వారానికి ఒక్కసారే ఇస్తారు, ఎందుకంటే కణంలోకి వెళ్లాక దానికీ పొడుగు తోక అతుకుతుంది, తోక అతికినది బయటికి పోలేదు, వారమంతా అక్కడే ఉండి పనిచేస్తుంది. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది, ఇది మాత్రం ఎవరింట్లో ఆ బిళ్ల ఉన్నా గట్టిగా గుర్తుంచుకోవాల్సిన సంగతి.

సరే, పేగు కణంలోకి వచ్చిన ఫోలేట్ దగ్గరికి. తిండిలో వచ్చినదైతే అక్కడే 5-మిథైల్ టెట్రాహైడ్రోఫోలేట్ అనే రూపంలోకి మారి రక్తంలో కలుస్తుంది, ఇకనుంచి దీన్ని మిథైల్ ఫోలేట్ అంటాను, లేకపోతే నాలుక మడతపడుతుంది. రక్తంలో తిరిగే ఫోలేట్ దాదాపు అంతా ఈ రూపమే. ఫోలిక్ యాసిడ్ బిళ్ల సంగతి వేరు. దాన్ని మన ఒంటికి పనికొచ్చే రూపంలోకి దించాలంటే డీహెచ్ఎఫ్ఆర్ అనే ఎంజైమ్ రెండు సార్లు హైడ్రోజన్ ఎక్కించాలి, మనుషుల కాలేయంలో ఈ ఎంజైమ్ మందకొడి, మనిషికీ మనిషికీ వేగంలో చాలా తేడా. ఒకేసారి 200 మైక్రోగ్రాములు దాటి వేసుకుంటే కొంత ఫోలిక్ యాసిడ్ మారకుండా అలాగే రక్తంలో కనిపిస్తుంది. నేను వేసుకున్నది 5000 మైక్రోగ్రాములు.

మెథోట్రెక్సేట్ వెళ్లి అతుక్కునేది ఈ డీహెచ్ఎఫ్ఆర్‌కే. ట్రైమెథోప్రిమ్ అనే యాంటీబయాటిక్ కూడా ఇదే ఎంజైమ్‌ను పట్టుకుంటుంది, కాకపోతే బ్యాక్టీరియాలో ఉన్నదాన్ని. బ్యాక్టీరియా తన ఫోలేట్ తానే తయారుచేసుకుంటుంది, మనకు ఆ విద్య రాదు, అందుకే ఆ తయారీకి అడ్డుపడే సల్ఫా మందులు దాన్ని దెబ్బతీస్తాయి గానీ మనల్ని కాదు. మనం వండలేకపోవడం ఒక్కోసారి లాభమే.

ఎంత తింటే ఎంత పడుతుందన్న లెక్క ఇక్కడే చెప్పాలి. తిండిలో ఉన్న ఫోలేట్‌లో సగం మాత్రమే ఒంటికి పడుతుందని లెక్క వేస్తారు, తోక కత్తిరించడంలో కొంత, తిండి పీచులో ఇరుక్కుని కొంత పోతుంది. ఫోలిక్ యాసిడ్ తిండితో పాటు వేసుకుంటే 85 శాతం, ఖాళీ కడుపున వేసుకుంటే దాదాపు మొత్తం. పెద్దవాళ్లకు రోజుకు 400 మైక్రోగ్రాములని అమెరికాలో పెట్టుకున్న లెక్క తిండి ఫోలేట్ లెక్కలో చెప్పింది, ఫోలిక్ యాసిడ్ లెక్కలో అయితే తిండితో వేసుకున్న 240 సరిపోతుంది. ఆకుకూరలు, పప్పులు, గుడ్డు, లివర్, కమలా జాతి పళ్లు, వీటన్నిట్లో ఫోలేట్ ఉంటుంది గానీ అది నీళ్లలో కరిగిపోతుంది, ఎక్కువసేపు ఉడికిస్తే పాడవుతుంది. ఆకుకూర ఉడికించి నీళ్లు పారబోస్తే సుమారు సగం ఆ నీళ్లతో పోయినట్టే. ఆవిరి మీద ఉడికిస్తే పెద్దగా పోదు.

ఒంట్లో మొత్తం నిల్వ 15 నుంచి 30 మిల్లీగ్రాములు, అందులో సగం కాలేయంలో. కాలేయం రోజూ కొంత ఫోలేట్‌ను పైత్యరసంలో కలిపి పేగులోకి వదులుతుంది, పేగు దాన్ని మళ్లీ లాక్కుంటుంది, ఇలా తిప్పుకుంటూనే ఉంటుంది. వడపోతలో జారిపోయినదాన్ని కిడ్నీ కూడా ఏరి వెనక్కి పంపుతుంది. పీనాసి సంసారం. ఎక్కువ మద్యం తాగేవాళ్లలో ఈ సంసారమే చెడుతుంది, పేగు పీల్చుకోదు, కాలేయం పట్టి ఉంచుకోదు, కిడ్నీ వదిలేస్తుంది, పైగా తిండి కూడా సరిగా ఉండదు.

తిండిలో ఫోలేట్ పూర్తిగా ఆపేస్తే నిల్వ ఎన్నాళ్లు వస్తుంది? దీన్ని విక్టర్ హెర్బర్ట్ అనే అమెరికా డాక్టర్ 1960ల మొదట్లో తన మీద తానే చేసుకుని చూశాడు. తిండంతా మూడేసి సార్లు ఉడికించి, ప్రతిసారీ నీళ్లు పారబోసి, ఆ పిప్పి తింటూ నెలల తరబడి గడిపాడు. మూడు వారాలకే రక్తంలో ఫోలేట్ పడిపోయింది. ఏడో వారానికి తెల్లకణాల్లో కేంద్రకాలు ఉండాల్సినదానికన్నా ఎక్కువ ముక్కలుగా కనిపించాయి. నాలుగున్నర నెలలకు ఎముక మజ్జలో పెద్ద పెద్ద కణాలు, రక్తహీనత. ఈలోగా నిద్ర పట్టకపోవడం, మతిమరుపు, అయినదానికీ కానిదానికీ చిరాకు. ఫోలిక్ యాసిడ్ వేసుకోవడం మొదలుపెట్టిన రెండు రోజుల్లో మనసు కుదుటపడింది. మూడు సార్లు ఉడికిన పిప్పి నెలల తరబడి తింటే ఎవరికైనా చిరాకు వస్తుందని నాకు అనిపించింది గానీ, రెండు రోజుల్లో తగ్గిందంటే మరి ఫోలేట్ మహిమే.

ఇందులోనే ఇంకో ఉపయోగమైన సంగతి ఉంది. మామూలు రక్తపరీక్షలో చూసే సీరం ఫోలేట్ ఈ మధ్య ఏం తిన్నామో చెబుతుంది, అంతే. రెండు రోజులు బాగా ఆకుకూరలు తిని వెళ్తే అంకె బాగుంటుంది. ఎర్రకణాల లోపల ఉండే ఫోలేట్ కొలిస్తే అసలు చరిత్ర తెలుస్తుంది, ఎందుకంటే ఎర్రకణం మజ్జలో పుట్టేటప్పుడే ఫోలేట్ లోపల పెట్టుకుంటుంది, రక్తంలోకి వచ్చాక కొత్తగా పెట్టుకోదు, ఉన్నది బయటికి పోనివ్వదు. దాని ఆయుష్షు 120 రోజులు. అంటే ఆ అంకె రెండు మూడు నెలల కిందటి రోజుల సగటు.

బయటికి పోనివ్వదు అన్నాను కదా, ఎలా? మళ్లీ తోక. రక్తంలో ఒకే గ్లూటమేట్‌తో తిరిగే ఫోలేట్ కణంలోకి వెళ్లగానే ఇంకో ఎంజైమ్ దానికి గ్లూటమేట్లు ఒక్కొక్కటీ అతికిస్తుంది, ఐదు, ఆరు, ఏడు. పేగులో కష్టపడి కత్తిరించిన తోకను ఇక్కడ మళ్లీ తెచ్చి పెడుతుంది. లోపలికి రావాలంటే తోక ఉండకూడదు, లోపల ఉండాలంటే తోక ఉండాలి. ఎవరైనా తోక ముడుచుకుని వెళ్లిపోయారు అంటాం, ఫోలేట్‌కు తోక లేకపోతేనే వెళ్లిపోయే ప్రమాదం.

ఇప్పుడు అసలు పని. కణంలో ఫోలేట్ చేసేది మోత పని. ఒక కార్బన్‌ను ఒక చోట నుంచి తీసుకుని ఇంకో చోట దింపడం. ఎక్కువగా సెరీన్ అనే అమైనో ఆమ్లం దగ్గర కార్బన్ ఎత్తుకుంటుంది, దింపే చోట్లు ముఖ్యంగా మూడు. డీఎన్ఏలోని ఎ, జి అక్షరాల వలయాల్లో రెండేసి కార్బన్లు ఇది పెట్టినవే. రెండోది టి అక్షరం. యు అనే అక్షరానికి ఒక్క కార్బన్ ఉన్న మిథైల్ గుంపు తగిలిస్తే టి అవుతుంది, ఆ ఒక్క కార్బన్ తెచ్చేది ఫోలేట్. ఫోలేట్ లేకపోతే టి కరువు, టి దొరకని చోట కణం యు పెట్టి నెట్టుకొస్తుంది, అది తప్పని గుర్తించి కోసేస్తుంది, మళ్లీ పెట్టడానికి టి లేదు, మళ్లీ యు పెడుతుంది. కోత, అతుకు, కోత, అతుకు. డీఎన్ఏ చిరుగులు పడుతుంది.

ఎముక మజ్జ సెకనుకు దాదాపు 20 లక్షల ఎర్రకణాలు తయారుచేస్తుంది. అంత వేగంగా విభజన జరిగే చోట డీఎన్ఏ పని ఆగితే ఏమవుతుంది? విభజన ఆగుతుంది గానీ కణం మిగతా పనులు ఆగవు, ప్రోటీన్లు చేసుకుంటూ, హిమోగ్లోబిన్ నింపుకుంటూ లావవుతూనే ఉంటుంది. కేంద్రకం పసిది, ఒళ్లు పెద్దది. వాటిలో చాలా మజ్జలోనే చచ్చిపోతాయి, తట్టుకున్నవి పెద్ద సైజులోనే బయటికొస్తాయి. కణాలు తక్కువ, సైజు ఎక్కువ. నా రిపోర్టులో ఎదురెదురుగా చూసుకున్న రెండు బాణాలకూ మూలం ఈ ఒక్క కార్బన్ కరువే.

మూడో చోటు హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం. దానికి మిథైల్ గుంపు ఇస్తే మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం అవుతుంది, ఒంట్లో జరిగే సవాలక్ష మిథైల్ పనులకు మెథియోనినే పెట్టుబడి. ఈ పని చేసే ఎంజైమ్‌కు బి12 కావాలి, నేను పడిన గుంట ఉన్నది సరిగ్గా ఇక్కడే.

కణంలో మిథైల్ ఫోలేట్ తయారయ్యే మెట్టు వెనక్కి తిరగదు. ఒకసారి ఆ రూపంలోకి వచ్చాక బయటపడే దారి ఒక్కటే, తన మిథైల్‌ను బి12 చేతికి ఇచ్చి, అది హోమోసిస్టీన్‌కు అందించడం. చేతులు ఖాళీ అయితేనే మళ్లీ టి తయారుచేసే పనికి పోగలదు. బి12 లేకపోతే ఫోలేట్ చేతిలో మూట పట్టుకుని అలా నిలబడిపోతుంది. ఇంకా ఘోరం, మిథైల్ ఫోలేట్‌కు తోక అతికించడం కూడా ఆ తోకల ఎంజైమ్‌కు సరిగా చేతకాదు, ముందు మిథైల్ దించాలి. తోక లేనిది కణంలో నిలవదు, జారిపోతుంది. రక్తంలో ఫోలేట్ అంకె చక్కగా ఉంటుంది, కణం లోపల మాత్రం కరువు. దీన్ని ఫోలేట్ ట్రాప్ అంటారు, 1960ల్లోనే ఈ ఆలోచన వచ్చింది. అంటే బి12 లోపంలో వచ్చే పెద్ద కణాల రక్తహీనత నిజానికి లోపల లోపల ఫోలేట్ కరువే. మజ్జను చూసి రెండిటినీ విడదీయలేరు.

మరి నా 5 మిల్లీగ్రాముల బిళ్ల ఏం చేసింది? ఫోలిక్ యాసిడ్ మిథైల్ రూపంలో రాదు. ఆ మందకొడి డీహెచ్ఎఫ్ఆర్ దాన్ని నేరుగా టెట్రాహైడ్రోఫోలేట్‌గా, అంటే మిథైల్ మూట లేని ఖాళీ చేతుల ఫోలేట్‌గా దించుతుంది, బి12తో పని లేకుండా. రోజూ అంత మోతాదు కుమ్మరిస్తుంటే ట్రాప్‌లో పడేది పడుతున్నా ఈలోపే కొంత టి తయారీకి అందుతుంది. మజ్జ మళ్లీ పని మొదలుపెట్టింది, బాణాలు పోయాయి. నరాలకు మాత్రం కావాల్సింది బి12, దానికి ఫోలేట్‌లో ప్రత్యామ్నాయం లేదు. నరాల పైతొడుగు పాడవుతూనే ఉంది, వెన్నుపాము దాకా పాకే రకం. రక్తహీనత అనే గంట మోగుతుంటే నేను వెళ్లి గంట నాలుక పట్టుకుని ఆపాను.

ఈ రెండు విటమిన్లు వేరువేరని మొదట అనుమానం వచ్చేలా చేసింది లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టర్. 1928లో ఆవిడ బొంబాయి వచ్చి, గర్భంతో ఉన్న బట్టలమిల్లు కార్మికుల్లో కనిపించే పెద్ద కణాల రక్తహీనత మీద పనిచేశారు. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ ఇస్తే తగ్గుతోందని 1931లో ప్రకటించారు. తర్వాత చూస్తే ముడి లివర్ సారం పనిచేసింది గానీ, పెర్నీషియస్ ఎనీమియాకు, అంటే బి12 ఒంటికి పట్టక వచ్చే రక్తహీనతకు, బ్రహ్మాండంగా పనిచేసే శుద్ధి చేసిన లివర్ సారం వీళ్లకు పనిచేయలేదు. శుద్ధి చేసినదాంట్లో బి12 మిగిలింది, ఫోలేట్ పోయింది. ఆ రెండు పేర్లూ అప్పటికింకా పుట్టలేదు, ఆవిడ మాత్రం ఇంకేదో ఉందని పట్టుకున్నారు. అంతకాలం కిందటే తేలిన తేడాను నేను ఫోన్ చేతిలో పెట్టుకుని కూడా తెలుసుకోలేదు.

గర్భం మాట వచ్చింది కాబట్టి. పిండంలో మెదడు, వెన్నుపాము అయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది, చాలామందికి అప్పటికి విషయమే తెలియదు. అది మూసుకోకపోతే స్పైనా బిఫిడా, అంటే వెన్ను సరిగా మూసుకోకుండా బిడ్డ పుట్టడం, లాంటివి వస్తాయి. ఒకసారి అలాంటి బిడ్డ పుట్టిన తల్లులకు గర్భానికి ముందు నుంచే రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇస్తే మళ్లీ అలా జరగడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ట్రయల్‌లో తేలింది. 1998 నుంచి అమెరికాలో పిండిలో కలపడం తప్పనిసరి చేసింది అందుకే. పిల్లలు కావాలనుకునేవాళ్లు ముందే రోజుకు 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టాలనేది కూడా అందుకే. నా కథ చదివి ఎవరూ ఆ బిళ్ల మానేయకండి, అది వేరే లెక్క, అక్కడ తెలిసి ఇస్తున్నారు.

ఇంకొకటి, ఎంటీహెచ్ఎఫ్ఆర్. మిథైల్ ఫోలేట్ చేసే ఎంజైమ్ పేరది. దాని జన్యువులో 677వ చోట ఒక అక్షరం మారినవాళ్లు చాలామంది ఉంటారు, రెండు కాపీలూ మారినవాళ్లలో ఎంజైమ్ పని బాగా తగ్గుతుంది, ఆ ఎంజైమ్‌కు బి2 ఆసరా కావాలి. దీన్ని పట్టుకుని, మీకు ఫోలిక్ యాసిడ్ విషం, మేం అమ్మే మిథైల్ ఫోలేట్ డబ్బానే కొనండి అని భయపెట్టే వీడియోలు నాకు రోజుకు రెండు వస్తున్నాయి. ఈ మార్పు ఉన్నవాళ్లు కూడా ఫోలిక్ యాసిడ్‌తో సహా అన్ని రకాల ఫోలేట్‌నూ వాడుకోగలరని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ స్పష్టంగానే చెప్పింది. ఇంతకన్నా దాని మీద టైం పెట్టను.

నాకు ముందు బి12 ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, మొదట్లో దగ్గర దగ్గరగా, తర్వాత నెలకొకటి. ఫోలిక్ యాసిడ్ కొంతకాలం పక్కన పెట్టమన్నారు. బి12 అసలు ఎందుకు పడిపోయిందన్నది వేరే కథ, అది కడుపులో మొదలై పేగు చివర తేలుతుంది, ఇంకోసారి రాస్తాను. ఎడమకాలు మూడు నెలల్లో మామూలైంది. కుడికాలు మాత్రం నెమ్మది, రాత్రి పడుకునే ముందు దుప్పటి అంచు చిటికెన వేలికి తగులుతోందా లేదా అని కళ్లు మూసుకుని చూసుకుంటాను. నిన్న తగిలింది. ఈ రోజు సరిగా తెలియలేదు.